రెండో బ్రేకు

కారు గుద్దుకుంటే పెద్ద చప్పుడవుతుందని అందరూ అంటారు. అయ్యే ఉంటుంది. నాకు గుర్తున్నది మాత్రం మా ఆయన కాలు.

కొత్త కారు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. స్టీరింగు ముందు మా అమ్మాయి, పక్క సీట్లో మా ఆయన, అమ్మాయి వెనకాల నేను. కవరు మీద జారిపోకుండా రెండు సీట్ల మధ్యకి వంగి, ముందు సీట్లు పట్టుకుని కూర్చున్నాను. మలుపు తిరిగి కూడలి దగ్గరికి వచ్చాం. అక్కడ సిగ్నల్ దీపాలు లేవు. మా వైపు మాత్రం తలకిందులుగా పెట్టిన త్రికోణం బోర్డు ఉంది. అడ్డరోడ్డు మీద వచ్చేవాళ్ళకి దారి ఇచ్చి నువ్వు ఆగు అని దానర్థం. కారు నడపడం రాని నాకు కూడా ఆ సంగతి తెలుసు. మా ఇంట్లో పిల్ల అఆలు పలక మీద నేర్చుకోలేదు, ఇలాంటి బోర్డుల మీదే నేర్చుకుంది.

ఉన్నట్టుండి మా ఆయన కుడికాలు లేచి, కింద పరిచిన రబ్బరు పట్టాని ధన్‌మని తొక్కింది. వెంటనే ఇంకోసారి తొక్కింది. అక్కడేముందని తొక్కుతున్నారీయన అని నేననుకునేలోపు కిటికీ నిండా తెల్లటి వ్యాను కనిపించింది.

తర్వాత సంగతులు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. హారన్ ఆగకుండా మోగుతోంది. అద్దం పెంకులు నా ఒళ్ళో పడి ఉన్నాయి. మా అమ్మాయి రెండు చేతులూ స్టీరింగు మీద, నేర్పిన చోటే ఉన్నాయి. వ్యాను తలుపు తెరుచుకుని ఒకావిడ దిగింది. ఒక చేతిని ఇంకో చేత్తో పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, మా అమ్మాయి కిటికీ దగ్గరికి నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నేనైతే ఏడు తరాల వాళ్ళనీ లేపి తిట్టేదాన్ని. ఆవిడ తిట్టలేదు.

"ఆగలేదేం తల్లీ?" అంది.

మా అమ్మాయి నోరు తెరవకముందే మా ఆయన కారు దిగిపోయారు. "ఆగిందండీ! నేను పక్కనే ఉన్నాను కదా. గీత దగ్గర ఆగి, రెండు వైపులా చూసుకుని మరీ బయల్దేరింది. అంత స్పీడుగా వచ్చి పడింది మీరు!"

కారు ఆగలేదు. ఆగి ఉంటే, కవరు మీద జారుతూ కూర్చున్న నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పెళ్ళయినప్పటి నుంచీ ఆయన అబద్ధం ఆడగా నేను చూసింది ఒక్క నా వంట విషయంలోనే. బాగుందంటూనే పళ్ళెం పక్కకి జరుపుతారు. నడిరోడ్డు మీద, చెయ్యి విరిగిన మనిషి మొహం మీద అబద్ధం ఆడగల మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశానా అనిపించింది.

అంతలో మా అమ్మాయి కూడా అంది. "అవునండీ, ఆగాను. నేనిక్కడ ఎప్పుడూ ఆగుతాను."

అది అబద్ధం చెప్తే దాని చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే, బిస్కెట్ల డబ్బా దగ్గర ఎన్నిసార్లు పట్టుకున్నానో. నేను దాని చెవులకేసి చూశాను. మామూలుగానే ఉన్నాయి. నాకు అసలు భయం వేసింది అప్పుడే.

మా ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. స్కూలంటే ఇంటి వెనక ఓ రేకుల షెడ్డు, ఓ నల్లబోర్డు, ఓ పాత కారు. ఆ కారులో పక్క సీటు కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే మాస్టారు దాన్ని తొక్కుతారు. తొక్కగానే కుయ్యిమని బజరు మోగుతుంది. బండి ఆగింది నీవల్ల కాదు నాయనా, నావల్ల అని చెప్పడానికే ఆ బజరు. కొందరు శిష్యులు వీధిలో వెళ్తుంటే కోడిపిల్లల గంప వెళ్తున్నట్టే ఉంటుంది. అందుకే మా వీధిలో ఆయన్ని బ్రేకు మాస్టారంటారు. ఆ పేరు ఆయనకి ఇష్టం కూడా.

మా అమ్మాయి నడిపినప్పుడు మాత్రం ఆ కారు నోరెత్తేది కాదు. "నా కూతురు నడిపితే నా కాలికి పనే లేదు. అలాంటి చెయ్యి నేను ఇంతవరకూ చూళ్ళేదు" అని ఆయన కనిపించిన ప్రతివాడికీ చెప్పారు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, నేనూ పొంగిపోయాను. ముందు గదిలో నాకు టైలరింగ్ షాపు ఉంది. బట్టలు సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి కొలతలు తీసుకుంటూ అదే కథ వినిపించేదాన్ని. లైసెన్సు పరీక్ష మైదానంలో పెట్టారు. ఎర్రదీపం వెలిగితే ఆగింది, పచ్చదీపం వెలిగితే కదిలింది, వంకర గీతల మధ్య వెనక్కి నడిపింది. పాసయింది. తర్వాత తన జీతంతో కారు కొనుక్కుని, మొట్టమొదట మమ్మల్ని ఎక్కించుకుని తీసుకెళ్ళింది. ఆ మొదటి ప్రయాణం ఆ కూడలి దగ్గరే ముగిసింది.

ఇన్సూరెన్స్ సర్వేయర్ మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో బొమ్మ కార్లు తెచ్చుకున్నాడు. ఎర్రది మాది, తెల్లది వ్యాను. మనిషికి విడవని జలుబు. ముక్కు ఎగబీలుస్తూ మా భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి కూడలి బొమ్మ గీశాడు. మా ఉప్పుడబ్బా తీసుకుని త్రికోణం బోర్డు ఉన్న చోట నిలబెట్టాడు.

"రెండు కంపెనీల మధ్యా గొడవ ఒక్కటేనండీ," అన్నాడు. "దారి ఎవరిది? మీ అమ్మాయిగారు ఇక్కడ ఆగి, చూసుకుని, కూడలిలోకి వచ్చేశాక వ్యాను వచ్చి గుద్దితే తప్పు వ్యానుది. ఆగకుండా వచ్చి ఉంటే తప్పు మీది. అక్కడ కెమెరాల్లేవు. చూసినవాళ్ళు లేరు. మీరేమో ముగ్గురు, అటుపక్క ఆవిడ ఒక్కతే."

"ఆవిడకెలా ఉంది?" అని అడిగాను.

"మెడ కింది ఎముక విరిగింది. అతుక్కుంటుందన్నారు. అది లాండ్రీ కంపెనీ బండి అమ్మా. తప్పు ఆవిడదని తేలితే మళ్ళీ బండి ఇచ్చేది లేదని ఓనరు చెప్పేశాడట."

నేను బల్ల పక్కనే చిన్న పీట మీద కూర్చుని ఎవరిదో ప్యాంటు కాలు మడిచి కుడుతున్నాను. చేతిలో పని ఉంటే తప్ప నా నోరు అదుపులో ఉండదు. ముందు మా ఆయన ఎర్రకారుని తోశారు. ఉప్పుడబ్బా దగ్గర ఆపారు. తల అటూ ఇటూ తిప్పి చూపించారు. మళ్ళీ తోశారు. నల్లబోర్డు ముందు పాఠం చెప్పినట్టే ఉంది.

తర్వాత మా అమ్మాయి వంతు. అది వేలితో కారుని మెల్లగా తోసుకుంటూ వచ్చింది. పీట మీద ఉన్న నా కళ్ళకి బల్ల కిందంతా కనిపిస్తోంది. కారు ఉప్పుడబ్బాకి దగ్గరవుతుండగా, బల్ల కింద మా ఆయన కుడిపాదం కదిలింది. మడమ నేలకి ఆన్చి, వేళ్ళు మెల్లగా కిందికి నొక్కారు. సరిగ్గా అప్పుడే బల్ల మీద కారు ఆగింది.

సూది నా వేలిలో దిగింది. ఆయన మొహం చూశాను. ఆయన శ్రద్ధగా కాగితం వంకే చూస్తున్నారు. తన కాలు ఏం చేసిందో ఆయనకే తెలియదు.

"ఆరోజు బ్రేకు మామూలుగానే పడిందాండీ?" అని సర్వేయర్ అడిగాడు.

"కొత్త కారు కదా, కాస్త గట్టిగా అనిపించింది," అంది మా అమ్మాయి. "మా స్కూలు కారైతే పాదం ఆనిస్తే చాలు, పెడలు మెత్తగా అదే కిందికి వెళ్తుంది."

సర్వేయర్ రాసుకున్నాడు. అతనికి అందులో వింతేం కనిపించలేదు. నేను ఎంతమంది ఆడపిల్లలకి కుట్టు నేర్పానో లెక్కలేదు. పెడలు ఎప్పుడూ తనంత తాను కిందికి వెళ్ళదు. వెళ్తోందంటే దాని మీద ఇంకొకరి కాలు ఉన్నట్టే.

"మీరు చూశారా అమ్మా?" అని అతను నా వైపు తిరిగాడు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. "కవరు మీద జారిపోతుంటే పట్టుకుని కూర్చున్నాను, సరిగ్గా చూళ్ళేదు," అన్నాను. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేనూ తీసుకున్నాను.

అతను వెళ్ళగానే నేను వెనక షెడ్డులోకి వెళ్ళాను. స్కూలు కారు తలుపు తీసి పక్క సీట్లో, మా ఆయన కూర్చునే చోట కూర్చున్నాను. కాళ్ళ దగ్గర బ్రేకు తొక్కాను. కుయ్యిమంది. బజరు బాగానే ఉంది. డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాను. వేలికి చిన్న మీట ఒకటి తగిలింది. నొక్కితే టిక్కుమంది. మళ్ళీ బ్రేకు తొక్కాను. ఈసారి చప్పుడు లేదు.

చప్పుడు లేదు గానీ, అవతల స్టీరింగు కింద ఉన్న పెడలు, దాని మీద ఎవరి కాలూ లేకుండానే, మెత్తగా కిందికి దిగింది. నేను కాలు తీశాను. పైకి లేచింది. తొక్కాను. దిగింది. అక్కడ నా కూతురు కూర్చుని ఉన్నట్టే ఉంది. దాని పాదం ఆ పెడలు మీద ఆని ఉన్నట్టూ, పెడలు దిగుతుంటే పాదం కూడా దిగుతున్నట్టూ, నేనే ఆపాను అనుకుని అది నవ్వుతున్నట్టూ ఉంది.

తల ఎత్తేసరికి షెడ్డు తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. దొంగకి తేలు కుట్టినట్టుంది ఆయన వాలకం.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ."

"ఏమిటి మొదట్నుంచీ? సరిగ్గా చెప్పండి!"

ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. నా వైపు చూడకుండా అద్దంలోంచి గోడ వంక చూస్తూ చెప్పారు. "మొదటి రోజు బజరు మోగిందే. మళ్ళీ మోగింది. ఏడ్చేసింది. నాకు రాదు నాన్నా, దిగిపోతాను అంది. అది ఏడిస్తే నేను తట్టుకోలేనని నీకు తెలుసు కదా. ఒక్కరోజుకే అనుకుని మీట నొక్కేశాను. మర్నాడు కూడలి దగ్గర బండి మెత్తగా ఆగింది. దాని మొహం చూడాల్సిందే నువ్వు! నేనే ఆపాను నాన్నా అంది. కాదని ఎలా చెప్పను?"

"తర్వాతైనా ఒక్కచోటైనా అది తనంత తాను ఆపిందా?"

ఆయన ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు. "దీపాలున్న చోట ఆపేది. దీపాల్లేని చోట... తెలీదే. నా కాలు ఎప్పుడూ ముందే వెళ్ళిపోయేది. దానికి ఆపాల్సిన పనే పడలేదు."

"మరి కొత్త కారులో మీ వైపు బ్రేకు లేదని తెలిసి కూడా ఎలా ఎక్కారండీ? నన్నెలా ఎక్కించారు?"

"మర్చిపోయానే," అన్నారు.

"ఏం మర్చిపోయారు?"

"నేనే ఆపుతున్నానని మర్చిపోయాను. నిజంగా అదే ఆపుతోందనుకున్నాను. ఊరంతా ఉత్తినే చెప్పుకున్నానా మరి? రబ్బరు పట్టా తొక్కేదాకా నాకు గుర్తే రాలేదు."

తిడదామని నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు. నా దగ్గర తిట్లకి కరువొచ్చింది అదే మొదటిసారి. అబద్ధం ఆడేవాడినైతే దులిపేయొచ్చు. తన అబద్ధాన్ని తనే నమ్మి, దాన్ని నమ్మి కారెక్కి, కూతుర్నీ పెళ్ళాన్నీ వ్యాను కింద పెట్టబోయిన మనిషిని ఏమని తిట్టాలి?

"సర్వేయర్‌కి చెప్పండి," అన్నాను చివరికి.

ఆయన రెండు చేతులూ జోడించారు. నిజంగానే జోడించారు. "కంపెనీ వాళ్ళకి నేనేమైనా చెప్తాను. కానీ దానికి తెలియకుండా ఎలా చెప్పను? తెలిసిందా, జన్మలో మళ్ళీ స్టీరింగు ముట్టుకోదు. స్టీరింగు దాకా ఎందుకు, తన కాలిని తనే నమ్మదు. వద్దే. ఆవిడ వ్యాను స్పీడుగానే వచ్చిందేమో, ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు," అన్నాను గానీ, గట్టిగా అనలేకపోయాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నా కూతుర్ని నేనెరుగుదును. ఒకసారి చేతిలోంచి గాజు గిన్నె జారిపడితే మళ్ళీ గాజు సామాను జోలికి పోలేదు ఆ పిల్ల.

మింగలేక కక్కలేక ఆ రాత్రి గడిపాను. మర్నాడు పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి మెట్టు మీద లాండ్రీ వ్యాను ఆవిడ కూర్చుని ఉంది. చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

"గొడవకి రాలేదు అక్కా," అంది నా మొహం చూసి. "ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. వెనక సీట్లో మీరున్నారు. మీరైనా చూసి ఉంటారని."

లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"నేను రోజూ ఆ దారినే వెళ్తాను. మీ ఎర్రకారు ఆగకుండా రావడం నేను కళ్ళారా చూశాను. ఇప్పుడేమో సర్వేయర్ ఆగిందంటున్నాడు. మాస్టారు ఆగిందన్నారట, అమ్మాయి ఆగాననిందట. మాస్టారంటే ఊళ్ళో సగం మందికి బండి నేర్పినాయన. అంత పెద్దమనిషి అబద్ధం ఎందుకాడతాడు? అందుకే నాకు నామీదే అనుమానం వస్తోంది. నేనే సరిగ్గా చూళ్ళేదేమో. నా కళ్ళకేమైనా అయిందేమో. నిన్న పోయి కళ్ళు కూడా పరీక్ష చేయించుకున్నాను."

"ఏమన్నారు?"

"బాగున్నాయన్నారు. దానివల్ల ఇంకా భయమేసింది," అంది. "కళ్ళు బాగుండి కూడా ఆగిన కారు ఆగనట్టు కనబడిందంటే, నేనింక బండి నడపచ్చా? నాకు ఇంకో పని రాదక్కా. బండి నడపడమొక్కటే వచ్చు. అందుకే అడుగుతున్నాను. ఆగిందా?"

లోపల గదిలో మా అమ్మాయి చెప్పులేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఒకరికి తన కాలి మీద నమ్మకం పోతుందని మేం అబద్ధం ఆడితే, ఇక్కడ ఇంకొకరికి తన కళ్ళ మీదే నమ్మకం పోయింది. ఆవిడ బండి పోతుందనుకున్నాను గానీ, బుర్ర కూడా పోతుందని నాకు తట్టనేలేదు.

"ఈరోజు కూడలి దగ్గరికి రమ్మన్నాడు కదా సర్వేయర్," అన్నాను. "అక్కడ తెలుస్తుంది. మీ కళ్ళకేం కాలేదు. నా మాట నమ్మండి."

ఆవిడ నన్నొకసారి పరీక్షగా చూసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను నేరుగా షెడ్డులోకి నడిచాను. మా ఆయన కారు తుడుస్తున్నారు. మా కారు బాగుచేసే చోట ఉంది కాబట్టి స్కూలు కారులోనే వెళ్ళాలి. అమ్మాయి కూడలికి ఎంత వేగంతో వస్తుందో ఒకసారి నడిపి చూపించాలని సర్వేయర్ అడిగాడు. వ్యాను ఆవిడ వచ్చి అన్న మాటలు పొల్లుపోకుండా ఆయనకి అప్పజెప్పాను. కళ్ళ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

"నా నోట రాదే."

"సరే, నేనే చెప్తాను."

అంతలో మా అమ్మాయి తాళాలు ఆడించుకుంటూ వచ్చేసింది. మళ్ళీ స్టీరింగు పట్టుకోవడానికి భయపడుతుందేమోనని అనుకున్నాం గానీ, "ఈ కారైతే నాకు భయం లేదు నాన్నా, నా మాట వింటుంది" అంది. ఆ మాటకి మా ఆయన తల వంచుకున్నారు. నేను వెనక కూర్చున్నాను. దారిలో ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. కారు ఇంకా గేటు దాటలేదు. ఆయన చెయ్యి డాష్‌బోర్డు కిందికి వెళ్ళింది. టిక్కుమని వినిపించింది.

నేనింక మాటలు వెతుక్కోవడం మానేశాను. నిన్న నేను నొక్కి ఆపేసిన బజరుని మళ్ళీ మోగేలా పెట్టేశారు.

దారిలో మొదటి కూడలి వచ్చింది. దీపాలు లేనిది. మా అమ్మాయి ఏదో చెప్తూ మధ్యలో ఉంది, ఎవరో స్నేహితురాలి సంగతి. బండి మెత్తగా ఆగింది.

కుయ్.

దాని మాట తెగిపోయింది. "అదేంటి నాన్నా? నువ్వెందుకు తొక్కావు? నేను తొక్కుతూనే ఉన్నాను కదా?"

వెనక ఎవరో హారన్ కొట్టారు. మా అమ్మాయి బండి కదిలించింది. అద్దంలో దాని కళ్ళు నాకు కనిపిస్తున్నాయి. ఒకసారి రోడ్డు వంక, ఒకసారి కిందికి, వాళ్ళ నాన్న పాదం వంక చూస్తున్నాయి. రెండో కూడలి వచ్చింది.

కుయ్.

ఈసారి అది బండిని పక్కకి తీసి ఆపింది. మీట దగ్గరే ఉంది ఆయన చెయ్యి. మా అమ్మాయి వంగి చేత్తో తడిమి ఆ మీటని చూసింది. నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. దానికి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎన్నిసార్లు నాన్నా?"

"అన్నిసార్లూ," అన్నారాయన.

నా బిడ్డ ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. తన కుడికాలిని రెండు చేతుల్తో పట్టుకుని, అదేదో పరాయివాళ్ళది అయినట్టు చూసుకుంది. "మరి ఆరోజు నేను..." అంది. "మరి ఆవిడ చెయ్యి..." అంది. రెండు మాటలూ పూర్తిచెయ్యలేదు.

తర్వాత స్టీరింగు పట్టుకుంది. "కాళ్ళు పైన పెట్టుకో నాన్నా."

"వద్దు తల్లీ, ఇప్పుడు వద్దు, ఇంకోరోజు నేర్పుతాను..."

"పైన పెట్టుకో."

ఆయన చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అంత పెద్ద మనిషి పసివాడిలా కనిపించారు. బండి కదిలింది.

ఆ కూడలి దగ్గరికి మలుపు తిరిగేసరికి త్రికోణం బోర్డు కింద సర్వేయర్, పక్కనే కట్టుగుడ్డతో వ్యాను ఆవిడ నిలబడి ఉన్నారు. ఆవిడ మా బండిని చూస్తోంది. అడ్డరోడ్డు మీద ఏదో లారీ వస్తోంది. బండి వేగం తగ్గలేదు. ఆపవే, ఆపవే అని లోపల అరుస్తున్నాను, బయటికి ఒక్క అక్షరం రావడం లేదు. మా ఆయన రెండు చేతుల్తో తన మోకాళ్ళని పట్టుకుని అదిమిపెట్టుకున్నారు. వ్యాను ఆవిడ వెనక్కి ఒక్క గెంతు గెంతింది.

బండి ఆగింది. మెత్తగా కాదు. నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది, ఇంజను గుడ్లు తేలేసి చచ్చిపోయింది, ముందు చక్రాలు గీత దాటాయి. లారీ మా బండి ముక్కు ముందు నుంచి గాలి కొడుతూ దూసుకుపోయింది. బజరు మోగలేదు.

కిందికి చూసుకుంటే నా కుడికాలు నేలని పగలగొట్టేంత గట్టిగా తొక్కి పెట్టి ఉంది.

మా అమ్మాయి దిగింది. నేరుగా వ్యాను ఆవిడ దగ్గరికి వెళ్ళింది. "మీరు ఆరోజు అడిగారు కదా, ఆగలేదేం అని," అంది. "ఆగలేదండీ. దారి మీదే. ఆగానని నేను అబద్ధం చెప్పలేదు, కానీ ఆగలేదు. అసలు నేనెప్పుడూ ఆగలేదు. ఇప్పుడు ఆగానే, ఇదే మొదటిసారి."

సర్వేయర్ ముక్కు ఎగబీల్చడం మర్చిపోయాడు. మా ఆయన చెప్పుల్లేకుండానే దిగి వచ్చి, "నేను చెప్పిందంతా అబద్ధం, రాసుకోండి. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను," అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

వ్యాను ఆవిడ పోన్లే తల్లీ అనలేదు. అనకూడదు కూడా. రోడ్డు అంచున ఉన్న రాతి మీద కూలబడి, బాగున్న చేత్తో మొహం కప్పుకుంది. "అయితే నేను చూసింది నిజమే," అంది. "నేను చూసింది నిజమే." ఎవరితోనూ అనలేదు. తనతో తనే చాలాసార్లు అనుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ మెడ దగ్గర కట్టుగుడ్డ ముడి వదులైతే సరిచేశాను. ఆవిడ వద్దనలేదు.

కాగితాల పని అయ్యాక మా ఆయన స్టీరింగు వైపు వెళ్ళబోయారు. మా అమ్మాయి అడ్డం వచ్చింది.

"నేనే నడుపుతాను. ఇప్పుడు దిగితే ఇంకెప్పుడూ ఎక్కను," అంది. "అమ్మా, నువ్వు ముందుకి రా. నాన్న వెనక కూర్చుంటారు."

నేను ఆయన సీట్లో కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఆ రెండో బ్రేకు ఉంది. దానికి తగలకుండా కాళ్ళు రెండూ పైకి లాక్కున్నాను. ఆయన వెనక, నా చోట, తల వంచుకుని కూర్చున్నారు.

తిరుగు దారిలో మొదటి కూడలి వచ్చింది. బండి ఒక్క కుదుపుతో ఆగింది, గీతకి కాస్త ఇవతలే. బజరు మోగలేదు. వెనక నుంచి మాత్రం ధన్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

"నాన్నా, కాలు," అంది మా అమ్మాయి వెనక్కి తిరగకుండానే.

ఆయన కాలు తీసేశారు. అడ్డరోడ్డు మీద ఎవరో ముసలాయన సైకిలు తొక్కుకుంటూ నింపాదిగా వస్తున్నాడు. దారి అతనిది. అతను పూర్తిగా దాటేదాకా మా అమ్మాయి పాదం బ్రేకు మీదే ఉంది.